పద్దెనిమిది పళ్ళు

మొన్న ఆదివారం మా మనమడు కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని నా పడక్కుర్చీ పక్కకి జరిగాడు. వాళ్ళ అమ్మమ్మ వంటింట్లో వున్నదీ లేనిదీ ఓసారి తొంగిచూసి వచ్చి, గొంతు తగ్గించి, "తాతయ్యా! నా బండికి ముందు స్ప్రాకెట్టు మార్పించేస్తున్నా. ఒక పన్ను తగ్గిస్తే పికప్పు అదిరిపోతుందట" అన్నాడు.

"మీ అమ్మకి చెప్పావా?" అన్నాను.

"ఇదేమన్నా చెప్పే సంగతా? అమ్మకేం తెలుస్తుంది, ఎన్ని పళ్ళున్నాయో?" అన్నాడు వాడు.

నాకు కాఫీ పొలమారింది. ఈ మాట నేనెక్కడో విన్నట్టుందే అనుకున్నాను. విన్నది కాదు, అన్నదే! వాడి తల్లికి ఏడేళ్ళున్నప్పుడు, 1988లో, విజయనగరంలో ఒక మెకానిక్కు షెడ్డు ముందు చెక్కబల్ల మీద కూచుని, వాడి అమ్మమ్మని గురించి సరిగ్గా ఈ మాటే నేనన్నాను. ఆ కథ వాడికి చెప్పాను. వాడు సగం విని ఫోను చూసుకున్నాడు. అంచేత మీకు చెబుతున్నాను. మీరు చివరిదాకా వింటారని నా ఆశ.

నేను బ్యాంకు గుమాస్తాని. 1983లో నన్ను అరకు బదిలీ చేశారు. ఆ రోజుల్లో అరకు బదిలీ అంటే మా వాళ్ళంతా ఏదో ద్వీపాంతరం పంపుతున్నట్టు జాలిపడ్డారు. మా ఆవిడ మాత్రం, "చల్లగా వుంటుందిటగా, పోదాం పదండి" అంది. కొండ మీద బండి లేనిదే కాలు కదలదన్నారు. వున్న డబ్బుకి కొంత అప్పు చేర్చి, చేతులు మారిన ఒక బుల్లెట్టు కొన్నాను. మూడువందల యాభై సీసీ. 1955లో ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీ, మన మద్రాస్ మోటార్సువారూ కలిసి మద్రాసులో మొదలుపెట్టిన కార్ఖానాలోంచి వచ్చిన సంతతి. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఎక్కడ నిలబెడితే అక్కడ ఒక నూనె చుక్క రాల్చడం దాని వంశాచారం. "మన బండి బొట్టు పెట్టనిదే గుమ్మం దాటదు" అనేది మా ఆవిడ.

ఆ బండి మీద మేము ఎక్కని మలుపు లేదు. వెనకాల మా ఆవిడ, మా ఇద్దరి మధ్యా పిల్ల. ఒక్కోసారి బియ్యం బస్తా. ఒకసారి గ్యాసుబండ కూడా. కాశీపట్నం దగ్గర మొదలయ్యే ఘాటీ రోడ్డు అనంతగిరి, గాలికొండ మీదుగా అరకు చేరేదాకా ఒకటే గొంతుతో, దడదడలాడుతూ, ముసలి పురోహితుడు మంత్రం చదివినట్టు ఎక్కేది. ఆ గొంతు మా ఆవిడకి బాగా తెలుసు. రెండో గేరులో వున్నదీ మూడో గేరులో వున్నదీ వెనక కూచునే చెప్పేసేది.

1987లో నన్ను కొండ దింపారు. వేసింది విశాఖపట్నం బ్రాంచిలో. కాపురం పెట్టింది విజయనగరంలో. ఎందుకంటే మా ఆవిడకి అక్కడ ఒక ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం దొరికింది. అది పర్మనెంటు కాదు. ఏడాదికేడాది పొడిగించే రకం. ఆ అమ్మకచెల్లు వుద్యోగం కోసం ఆవిడ పడ్డ పాట్లు నాకు తెలుసు. కనక తిరిగేవాణ్ణి నేనే తిరుగుదామనుకున్నాను. రోజూ పొద్దున్నే బయల్దేరి, ఆనందపురం దగ్గర అప్పటి అయిదో నెంబరు జాతీయ రహదారి అందుకుని విశాఖ. మళ్ళీ సాయంత్రం వెనక్కి. రానూ పోనూ నూరు కిలోమీటర్ల పైమాట.

కొండ మీద సింహంలాంటి బండి, ఆ తిన్నటి రోడ్డు మీద ఆయాసం పట్టిన మనిషిలా తయారైంది. డెబ్బై దాటిస్తే గుండెలు బాదుకునేది. హాండిలు అదురు చేతుల్లోకి ఎక్కి, బ్యాంకుకి వెళ్ళి లెడ్జరు తీస్తే అంకెలు వణికేవి. లారీలవాళ్ళు వెనకనుంచి హారను కొట్టి నన్ను మట్టి బాటలోకి దింపేవారు. ఆ అవమానం నాకు బాగా పట్టింది.

మెకానిక్కు మేస్త్రీ బండి చుట్టూ తిరిగి, వెనక పళ్ళ చక్రం చివరన చైను వేళ్ళతో పట్టుకుని లాగాడు. చైను పళ్ళ మీంచి లేచి వచ్చింది, మధ్యలో వెలుతురు కనిపించేటంత. "సైను సాగిపోనాది బాబూ" అన్నాడు. నిజానికి ఇనుము సాగదు. ఒక్కో లింకులో వున్న పిన్నూ, దాని మీది బుష్షూ అరిగి, ఆ అరుగుదల వందసార్లు కూడుకుని పొడుగు పెరుగుతుంది. ఇది ఆయనకీ తెలుసు. అయినా వైద్యులందరికీ రోగికి చెప్పే భాష వేరే వుంటుంది కదా!

"ముందు పళ్ళూ మార్సేయాల. సూడండి, పన్ను కొక్కిలాగ వొంగిపోనాది. అరిగిన పళ్ళకి కొత్త సైను ఏస్తే అదీ పాడైపోద్ది. ఎలాగూ మారుత్తాం గాబట్టి సెప్తన్నాను. మీరు కొండ దిగిపోనారు గదా బాబూ. ఇంకా కొండెక్కే పళ్ళేటికి?" అన్నాడు మేస్త్రీ.

ఆ మాట నా చెవికి అమృతంలా సోకింది.

మోటారుసైకిలు గొడవ తెలియని చదువరుల కోసం రెండు ముక్కలు. గేరుపెట్టెలోంచి బలం బయటికి వచ్చే చోట ఒక చిన్న పళ్ళ చక్రం వుంటుంది. వెనక చక్రానికి ఒక పెద్దది. రెంటినీ కలుపుతూ చైను. సైకిలు తొక్కినవాళ్ళందరికీ తెలిసిందే. కాకపోతే సైకిలుకి పెద్దది ముందూ చిన్నది వెనకా వుంటాయి, మోటారుసైకిలుకి తిరగేసి. మా బండికి ముందు 16 పళ్ళు, వెనక 38. వెనకది బ్రేకు డ్రమ్ముతో ఏకంగా పోత పోసి వుంటుంది. దాన్ని మార్చడమంటే డ్రమ్మునే మార్చాలి, డబ్బు బోలెడు. అంచేత వేగం కావలసినవాళ్ళంతా ముందు చక్రానికే ఒకటో రెండో పళ్ళు పెంచుకుంటారు. ముందుది ఒకసారి తిరిగితే ఎక్కువ చైను లాగుతుంది. ఇంజను అంతే తిరిగినా బండి మరికాస్త దూరం పోతుంది. కొండ ఎక్కేవాళ్ళు దీనికి ఎదురు పని చేస్తారు. మా మనమడు చెయ్యబోయేది అదే.

"పదిహేడు ఏస్తే సాలు బాబూ. పద్దెనిమిదంటే ఒంటిగా తిరిగీవోళ్ళకి. ఎనక అమ్మగోరు కూకుంటారు గదా. అమ్మగోర్ని ఓపాలి అడగండి" అన్నాడు మేస్త్రీ.

అప్పుడే నేను ఆ మాట అన్నాను. "ఆవిడకేం తెలుస్తుందోయ్, ఎన్ని పళ్ళున్నాయో! పద్దెనిమిది వెయ్యి."

చైను కొనడానికి బజారుకి నేనే వెళ్ళాను. దుకాణదారు ఒకటి చేతిలో పెట్టి, "ఇదీ అదే పిచ్చండీ, సరిపోతుంది, ధర కూడా తక్కువ" అన్నాడు. తెచ్చి ఇస్తే మేస్త్రీ పళ్ళ మీద ఆనించి చూసి నవ్వాడు. పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం సరిపోయింది గాని లోపలి వెడల్పు చాలలేదు. పన్ను మీద కూచోనంటుంది. చైను మీద 428 అనో, 520 అనో, 530 అనో వేసి వుంటుంది చూడండి. మొదటి అంకె పిన్నుల మధ్య దూరం, అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన. 4 అంటే అర అంగుళం. 5 అంటే ఎనిమిదింట అయిదు వంతులు. తరవాతి రెండంకెలూ వెడల్పు. 20 అంటే పావు అంగుళం, 30 అంటే ఎనిమిదింట మూడు వంతులు. మా బండిది 530 కొలత. వాడు అంటగట్టింది 520. మందం మారిస్తే ముందూ వెనకా రెండు చక్రాలూ దానికి తగ్గవే వెయ్యాలి. అది తెలియక ఇప్పటికీ డబ్బు పోసుకునేవాళ్ళున్నారు. ఎండలో మళ్ళీ వెళ్ళి మార్చుకుని వచ్చాను.

ఇహ ఆ ముందు చక్రం తియ్యడం! ఈ కాలపు బండ్లకి పక్కన ఒక మూత విప్పితే కనిపిస్తుంది. బుల్లెట్టుకి అలా కాదు. అది క్లచ్చి వెనకాల, అత్తారింటి కొత్తకోడలిలా లోపలి గదిలో వుంటుంది. పాదం ఆనించే కడ్డీ విప్పి, పెద్ద మూతకున్న ఒకే ఒక్క నట్టు తీసి, నూనె గిన్నెలోకి దింపి, లోపలి జంట చైనూ, క్లచ్చీ, ఇంజను పళ్ళ చక్రమూ అన్నీ ఊడదీసి, వెనక తడికె కూడా తీస్తే అప్పుడు దర్శనం. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. కొత్తది పెద్దది కావడంతో చైను కురచైంది. వెనక ఇరుసు ముందుకు జరపడానికి నత్తగుల్ల ఆకారంలో రెండు బిళ్ళలుంటాయి. వాటిని ఎంత తిప్పినా చాలలేదు. చివరికి ఒక హాఫ్ లింకు పెట్టి కలిపాడు. కలిపిన చోట క్లిప్పు, మూసిన కొస బండి పోయే దిక్కుకే వుండాలని పిల్లాడి చేత రెండుసార్లు చూపించుకున్నాడు. తెరిచిన కొస ముందుకుంటే ఏ పుల్లో తగిలి ఊడిపోతుందట.

పళ్ళ చక్రాన్ని చులకన చెయ్యకండి. 1903లో రైటు సోదరులు ఎగరేసిన విమానానికి కూడా ఇంజను నుంచి పంకాలకు బలం చేర్చింది చైనూ పళ్ళ చక్రాలే. సైకిలు దుకాణంవాళ్ళు కదా, తెలిసిన సామాను వాడుకున్నారు. ఇంజను దగ్గర 8 పళ్ళు, పంకా దగ్గర 23. ఎగరడానికి ముందు నెలలో ఆ పళ్ళ చక్రాలు ఇరుసుల మీద వదులై వాళ్ళని ఏడిపించాయి. చివరికి సైకిలు టైర్లు అంటించే బంకతో బిగించారు! ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి. ఆవేళ నాకు తెలిసిందల్లా, సాయంత్రం బండి ఎక్కి రోడ్డు మీదికి వెళ్ళగానే అది వేరే బండి అయిపోయిందని.

అబ్బ! ఆ వారం రోజులూ నేను ఇరవయ్యేళ్ళ కుర్రాణ్ణయిపోయాను. డెబ్బై మీద బండి హాయిగా గుర్రు పెడుతున్నట్టు పోతోంది. హాండిలు నిమ్మళంగా వుంది. హారను కొట్టిన లారీని నేను దాటిపోయి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాను. తిరిగి చూడకపోవడంలో వున్న సుఖం అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంటి జమాఖర్చుల పుస్తకం మా ఆవిడది. "చైను మార్పించాను" అని చెప్పాను. "చైను" అని రాసుకుంది. అబద్ధం కాదుగా! పాత 16 పళ్ళ చక్రాన్ని గుడ్డముక్కలో చుట్టి అటక మీద ఊరగాయ జాడీల వెనక పెట్టాను. ఎందుకు దాచాను అంటే నాకే తెలియదు. పారెయ్యడానికి మనసొప్పలేదు, చూపించడానికీ ఒప్పలేదు.

తరవాత ఒక సెలవునాడు సినిమాకి వెళుతుంటే వెనకనుంచి అంది: "బండి గొంతు మారిందేమిటండీ?"

"కొత్త చైను కదా!" అన్నాను.

ఆవిడ మరేం అనలేదు. ఆ మౌనం నేను అంగీకారం కింద జమ కట్టుకున్నాను.

మే నెల ఆఖర్న అరకులో పెళ్ళి. మా పాత ఇంటివాళ్ళ అమ్మాయిది. మా పిల్లని మూడేళ్ళూ ఎత్తుకు పెంచిన అమ్మాయి. తప్పకుండా వెళ్ళాలి. పిల్లని మా అమ్మ దగ్గర వదిలి, సంచిలో కొత్త చీరా, వెండి కుంకుమ భరిణె పెట్టుకుని తెల్లవారుజామున బయల్దేరాం. శృంగవరపుకోటలో టీ తాగాం. కాశీపట్నం దాటి ఘాటీ అందుకున్నాం.

మొదటి రెండు మలుపులూ బాగానే ఎక్కింది. ఆ పైన తెలిసింది. వెనకటి రోజుల్లో మూడో గేరులో ఎక్కే చోట రెండు అడుగుతోంది. రెండులో ఎక్కే చోట ఒకటి. ఒకటి దాటి కిందకి గేరు లేదు కదా! మా ఆవిడ చెయ్యి నా భుజం మీద బిగిసింది. "దిగనా?" అంది. "ఎందుకూ? మనకి తెలియని కొండా?" అన్నాను.

డముకు దాటాక ఒక ముడి మలుపు దగ్గర ముందు పోతున్న కలప లారీ ఆగిపోయింది. దాని వెనక నేను ఆగాల్సివచ్చింది. వాలు మీద, రెండు కాళ్ళూ ఆనించి. లారీ కదిలింది. నేను ఎప్పటిలాగే క్లచ్చి వదిలాను.

ఎప్పటిలాగే. అక్కడే వుంది తప్పంతా. ఆ కొండ మీద మూడేళ్ళు 16 పళ్ళకి అలవాటుపడ్డ చెయ్యి అది. ఎంత వదిలితే బండి కదులుతుందో వేళ్ళకి కంఠతా వచ్చు. ఆ లెక్క మారిందని వేళ్ళకి నేను చెప్పలేదు. ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. బండి వెనక్కి జారింది. ముందు బ్రేకు పట్టాను, జారుడు ఆగలేదు. ఎడమకాలు నేల మీద వుంది, వెనక బ్రేకేమో దాని కిందే. వెనక లోయ వైపు రోడ్డు అంచు. మా ఆవిడ ఒక పక్కకి దూకింది. దూకి, చెయ్యి ఆనించి రాళ్ళ మీద పడింది.

లారీ క్లీనరు కుర్రాడు ఎప్పుడు దూకాడో, వెనక చక్రం కింద ఒక రాయి పెట్టేశాడు. బండి నిలిచింది. నేను తిరిగి చూసేసరికి ఆవిడ కూచుని వుంది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ముందు చీర సర్దుకుంది. "భరిణె చూడండి, సొట్ట పడిందేమో" అంది. ముఖం మాత్రం సున్నంలా వుంది.

కిందికి వస్తున్న బస్సులో కోట తీసుకొచ్చాను. ఆస్పత్రిలో కట్టుకట్టి, మణికట్టు ఎముక విరిగింది, ఆరు వారాలు కదపకూడదన్నారు. వరండాలో బల్ల మీద కూచున్నాం. నేను ఏదో చెబుతున్నాను. లారీ అలా ఆగకుండా వుంటే, ఆ మలుపే అంత, ఇలా. ఆవిడ వింటూ వింటూ, "ఎన్ని పళ్ళు?" అంది.

నాకు గొంతు పెగలలేదు.

"పాతది పదహారు. మాగాయ జాడీ తీస్తుంటే చేతికి తగిలింది. లెక్కపెట్టాను. కొత్తది ఎన్ని?"

"పద్దెనిమిది."

"మీరే చెబుతారని చూశాను" అంది. కాసేపాగి, "చెప్పివుంటే ఆ మలుపు ముందే దిగి నడిచేదాన్నండీ. మీరు ఒక్కరూ ఎక్కేసేవారు" అంది.

కోపంగా అని వుంటే ఎంత బాగుండేది! బస్సులో ఇంటికొస్తూ ఆవిడ నిద్రపోయింది. నేను కిటికీలోంచి చూస్తూ ఒకటే లెక్క వేసుకున్నాను. స్కూళ్ళు తెరవడానికి ఇంకా ఎన్ని రోజులు? మూడు వారాలైనా లేవు. ఆరు వారాలకి ఎన్ని తక్కువ? టెంపరరీ ఉద్యోగానికి సెలవు పెడితే ఆ కుర్చీ ఖాళీగా వుంటుందా?

సెలవు పెట్టలేదు ఆవిడ. రాత్రిళ్ళు పిల్ల పడుకున్నాక, దాని పలక తీసుకుని ఎడమచేత్తో అంకెలు దిద్దడం మొదలుపెట్టింది. ఏడుగురు పిల్లల తల్లిలా మా అమ్మ పక్కన కూచుని కన్నీళ్ళు పెట్టుకునేది. నా వైపు చూసేది కాదు. పాఠాల నోట్సు ఆవిడ చెబితే నేను రాసేవాణ్ణి. జడ వెయ్యడం నేర్చుకున్నాను. నేను చేసిన ఉప్మా సంగతి ఇక్కడ అప్రస్తుతం. స్కూలు తెరిచిన రోజున మెడలో పట్టీతో వెళ్ళింది. పిల్లల్నే బోర్డు దగ్గరికి పిలిచి ఒక్కొక్కరి చేత లెక్క చేయించి, తప్పొచ్చిన చోట మాత్రం ఎడమచేత్తో సున్నా చుట్టేదట. పిల్లలకి అది బాగా నచ్చిందని విన్నాను. ఆ ఏడాది పొడిగింపు కాయితం వచ్చేదాకా మాత్రం ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడుకోలేదు.

నేను మర్నాడే మేస్త్రీ దగ్గరికి వెళ్ళి పాతది వేయించెయ్యాలని బయల్దేరాను. ఆవిడే ఆపింది. "అరిగినదాన్ని కొత్త చైను మీద వేయిస్తారా? కూచోండి" అంది. క్యాలెండరు కాయితం వెనక, ఎడమచేతి వంకర అంకెలతో లెక్క వేసింది. నేను లోపలి చైనుకి పళ్ళెన్నని మేస్త్రీని అడిగి వచ్చాను. ఇంజను దగ్గర 25, క్లచ్చికి 56. వెనక చక్రం ఒక చుట్టు తిరగాలంటే, టాపు గేరులో, 16 పళ్ళతో ఇంజను అయిదుంబావుకి కొంచెం ఎక్కువ తిరగాలి. 18తో నాలుగుముప్పావుకి కాస్త తక్కువ తిరిగితే చాలు.

"మీకు వేగంలో వచ్చింది ఎనిమిదో వంతు. బలంలో పోయింది తొమ్మిదో వంతు. పదిహేడైతే వచ్చేది పదహారో వంతు, పోయేది పదిహేడో వంతు. రోజూ అంత దూరం మీరు తిరగాలి. నేను కొండెక్కేది ఏడాదికి ఒకసారి. పదిహేడు వేయించండి."

"పదహారే కొత్తది వేయిస్తానే" అన్నాను.

"వద్దు. పదిహేడే మంచిది, బేసి సంఖ్య. చైనులో లింకులు సరి సంఖ్య కదా, ఒకటి లోపలిది, ఒకటి బయటిది. చక్రానికి కూడా సరి పళ్ళే అయితే ఒక పన్ను ఎప్పటికీ లోపలి లింకులోనే దిగుతుంది, పక్కది ఎప్పటికీ బయటి లింకులోనే. బేసి అయితే చుట్టు చుట్టుకీ మారుతూ వుంటుంది. అరుగుదల అందరికీ సమంగా పడుతుంది. ఆ హాఫ్ లింకు కూడా తీయించెయ్యండి. పదిహేడుకైతే ఇరుసు నాలుగు మిల్లీమీటర్లు జరిపితే చాలు, దాని అవసరమే రాదు."

ఆ కాయితం పట్టుకెళ్ళి మేస్త్రీకి చూపించాను. ఆయన తిరగేసి బోర్లేసి చూసి, "నాను సెప్పింది అదే గదా బాబూ! మీరే ఇన్నారు కారు" అన్నాడు. కూలి మాత్రం మళ్ళీ పూర్తిగా పుచ్చుకున్నాడు. న్యాయమే. జమాఖర్చుల్లో ఆవిడే చెప్పి నా చేత రాయించింది: ముందు స్ప్రాకెట్టు, 17 పళ్ళు. పాత పద్దులో "చైను" అన్నదాని పక్కన, "స్ప్రాకెట్టు, 18" అని కూడా చేర్పించింది, తారీఖు తప్పకుండా.

డిసెంబరులో సొట్టపడని భరిణె పట్టుకుని మళ్ళీ బయల్దేరాం. చలి. ఆ మలుపు కనిపించగానే భుజం తట్టింది. ఆపాను. దిగింది. నేను ఒక్కణ్ణీ ఎక్కి పైన నిలబడి చూస్తున్నాను. ఆవిడ శాలువా తలమీదుగా కప్పుకుని, తీరిగ్గా, దారి పక్క పూలు కోసుకుంటూ నడిచి వచ్చింది. పదిహేడు పళ్ళతో ఇద్దరినీ లాగేదని నా నమ్మకం. అడగలేదు. తరవాత చాలాసార్లు ఆ కొండెక్కాం. ప్రతిసారీ అక్కడ దిగేది. నేను ఒక్కసారీ అడగలేదు.

ఆ బండి 2004లో మేస్త్రీగారి అబ్బాయే కొనుక్కున్నాడు. పద్దెనిమిది పళ్ళ చక్రం మాత్రం ఇంట్లోనే వుండిపోయింది. ఆవిడ రిటైరయ్యేదాకా పరీక్ష పేపర్లు ఎగరకుండా వాటి మీద పెట్టుకునేది. మణికట్టు చలికాలంలో ఇప్పటికీ లాగుతుంది. అప్పుడు నేను ఆముదం వెచ్చజేసి తెస్తాను. మా ఇద్దరికీ అందులో మాట్లాడుకోవలసినదేమీ లేదు.

మనమడికి ఇదంతా చెప్పానన్నాను కదా. వాడు ఫోను జేబులో పెట్టుకుని, "అది పాతకాలం బండి తాతయ్యా. ఇప్పుడివన్నీ వేరు" అన్నాడు.

"వేరే. ఇప్పటి బండ్లు కొన్నిట్లో వేగం చూసే సెన్సరు గేరుపెట్టె దగ్గరే వుంటుంది. ముందు పళ్ళు మారిస్తే మీటరు అబద్ధం చెబుతుంది. నీ బండిది ఎక్కడుంది?" అన్నాను.

వాడికి తెలియదు. నేను ఇంకా ఏదో అనబోతుంటే వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. ఎప్పుడు వచ్చి నిలబడిందో!

"ముందు ఎన్ని, వెనక ఎన్ని?"

వాడు తల గోక్కున్నాడు. "లెక్కపెట్టలేదు అమ్మమ్మా."

"టార్చి ఆ మేకుకి వుంది. వెళ్ళి లెక్కపెట్టుకు రా. వెనకవి లెక్కపెట్టేటప్పుడు మొదలుపెట్టిన పన్ను మీద సుద్దముక్కతో గుర్తుపెట్టుకో, లేకపోతే తప్పుతావు" అని, ఆవిడ కళ్ళజోడు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. వాడు టార్చి తీసుకుని మెట్లు దిగాడు. అవతల గదిలోంచి ఆవిడ, "ఏమండీ, పాత క్యాలెండరు ఎక్కడ పెట్టారూ?" అని అడుగుతోంది.